చేతికొచ్చిన సంఖ్య, రాగలిగిన సంఖ్యలు: మనోవిజ్ఞాన పరిశోధనలో మౌలిక గణాంక భావనలు

ఒక ప్రయోగంలో రెండు బృందాల సగటులను టీ-పరీక్షతో పోల్చగా టీ విలువ 2.7, పి-విలువ 0.01 వచ్చాయనుకుందాం. ఈ ఫలితాన్ని బట్టి ఏమేమి చెప్పవచ్చు? జర్మనీలోని ఆరు విశ్వవిద్యాలయాల మనోవిజ్ఞాన విభాగాల్లో హాలర్, క్రాస్ అనే పరిశోధకులు ఇదే ప్రశ్నను ఆరు వాక్యాల రూపంలో ఇచ్చి, ఒక్కో వాక్యం ఒప్పో తప్పో గుర్తించమని కోరారు. శూన్య పరికల్పన (రెండు బృందాల మధ్య అసలు తేడా లేదన్న ఊహ) తప్పని పూర్తిగా రుజువైంది, శూన్య పరికల్పన నిజమయ్యే సంభావ్యత ఎంతో తెలిసింది, ప్రయోగాన్ని మళ్లీ మళ్లీ చేస్తే నూటికి 99 సార్లు సార్థక ఫలితమే (పి-విలువ 0.05 కంటే తక్కువైనదే) వస్తుంది అనేవి ఆ వాక్యాల్లో కొన్ని. నిజానికి ఆరూ తప్పే. 2002లో వెలువడిన ఆ అధ్యయనంలో, ఆరూ తప్పని చెప్పగలిగిన విద్యార్థి ఒక్కరూ లేరు. పరిశోధనలు చేస్తున్న మనోవిజ్ఞానుల్లో దాదాపు 90 శాతం, స్వయంగా పరిశోధన పద్ధతులు బోధిస్తున్నవారిలో 80 శాతం మంది కనీసం ఒక తప్పు వాక్యాన్ని ఒప్పుగా ఎంచారు.

వీరెవరికీ లెక్కలు రావని కాదు. ఎస్‌పీఎస్‌ఎస్ వంటి సాఫ్ట్‌వేర్ లెక్కంతా క్షణంలో చేసిపెడుతున్న ఈ రోజుల్లో సూత్రం గుర్తులేకపోవడం పెద్ద లోపమూ కాదు. అసలు చిక్కు వేరే చోట ఉంది. సగటు, ప్రామాణిక విచలనం, ప్రామాణిక దోషం, పి-విలువ, ప్రభావ పరిమాణం, పవర్ అనేవి పాఠ్యపుస్తకంలో వేర్వేరు అధ్యాయాలుగా కనిపిస్తాయి కాబట్టి విద్యార్థి వాటిని వేర్వేరు విషయాలుగానే చదువుకుంటాడు. కానీ వీటిలో అత్యధిక భాగం ఒకే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది: ఈ శాంపిల్‌కు బదులు అదే పద్ధతిలో మరొక శాంపిల్ తీసుకుని ఉంటే, ఇప్పుడు చేతిలో ఉన్న సంఖ్య ఎంత మారి ఉండేది? ఈ ప్రశ్నను పట్టుకుని నడిస్తే ఒక భావన నుంచి మరొక భావనకు దారి దానంతటదే దొరుకుతుంది. దీన్ని వదిలేస్తే మిగిలేది ఏ సందర్భంలో ఏ పరీక్ష వాడాలో చెప్పే పట్టిక మాత్రమే.

సంఖ్య చేతికి రావాలంటే ముందు కొలత జరగాలి. ఎస్.ఎస్. స్టీవెన్స్ 1946లో కొలతలను నామ, క్రమ, అంతర, నిష్పత్తి మాపనులని నాలుగు రకాలుగా విభజించాడు. మాతృభాషకు 1, 2, 3 అని కోడ్ ఇవ్వడం నామ మాపని. ర్యాంకులు క్రమ మాపని. నిజమైన సున్నా లేకపోయినా అంతరాలు సమానంగా ఉన్నాయనుకునే ప్రజ్ఞా లబ్ధి (ఐక్యూ) వంటివి అంతర మాపని. మిల్లీసెకన్లలో కొలిచే ప్రతిచర్యా కాలం నిష్పత్తి మాపని. ప్రజ్ఞా లబ్ధి 140 ఉన్న వ్యక్తికి 70 ఉన్న వ్యక్తికంటే రెట్టింపు తెలివి ఉందని అనలేము గానీ, 800 మిల్లీసెకన్లు 400కు రెట్టింపని నిస్సందేహంగా అనవచ్చు. ‘పూర్తిగా ఏకీభవిస్తాను’ నుంచి ‘అసలు ఏకీభవించను’ వరకు ఐదు మెట్లుండే ప్రశ్నలు ఏ రకానికి చెందుతాయన్న వాదం దశాబ్దాలుగా సాగుతూనే ఉంది. ఒక్క ప్రశ్నకు వచ్చిన జవాబును క్రమ మాపనిగానూ, అలాంటి ఇరవై ప్రశ్నల మొత్తాన్ని అంతర మాపనికి దగ్గరగానూ చూడటం ఆచరణలో స్థిరపడిన రాజీ. అది రాజీ అన్న సంగతి మరవకుండా ఉంటే చాలు.

కొలతలు వచ్చాక వాటిని ఒక్క సంఖ్యలోకి కుదించాలంటే సగటు, మధ్యగతం (వరసగా పేర్చినప్పుడు నడుమ వచ్చే విలువ), బాహుళకం (ఎక్కువసార్లు వచ్చిన విలువ) అనే మూడు మార్గాలున్నాయి. వీటిలో దేన్ని ఎంచుకోవాలన్నది కొలతలు పరుచుకున్న తీరును బట్టి ఉంటుంది. ఒక ప్రతిచర్యా కాల ప్రయోగంలో ఐదు ప్రయత్నాలకు 420, 450, 460, 480, 2190 మిల్లీసెకన్లు వచ్చాయనుకుంటే సగటు 800, మధ్యగతం 460. ఐదింటిలో నాలుగు విలువలు సగటుకు చాలా దిగువనే ఉన్నాయి కాబట్టి 800 అనే సంఖ్య ఆ వ్యక్తి వేగాన్ని ఏ విధంగానూ సూచించదు. చివరి ప్రయత్నంలో ఆ వ్యక్తి దృష్టి మరలి ఉండవచ్చు. అలాగని ఫలితం చూశాక ఆ విలువను తీసివేయడం సరైన పని కాదు. ఎంతకు మించిన విలువలను వదిలివేయాలో డేటా సేకరించక ముందే రాసిపెట్టుకోవాలి. ఈ చిన్న నియమం ఎంత పెద్దదో కొంత దూరం వెళ్లాక తెలుస్తుంది.

సగటు ఒక్కటే చెబితే సగం మాటే చెప్పినట్టు. ఇరవై పదాల జాబితాను చదివించి, ఎన్ని గుర్తున్నాయో అడిగినప్పుడు ఒక బృందానికి 8, 9, 10, 11, 12, మరొక బృందానికి 2, 6, 10, 14, 18 వచ్చాయనుకుందాం. రెండింటి సగటూ 10. మొదటి బృందంలో ఒక్కొక్కరికీ సగటు నుంచి ఉన్న దూరాలను వర్గం చేసి కూడితే 10, దాన్ని 4తో భాగిస్తే విస్తృతి 2.5, దాని వర్గమూలమైన ప్రామాణిక విచలనం దాదాపు 1.6. రెండో బృందంలో అదే లెక్క 160, 40, దాదాపు 6.3 అవుతుంది. ఐదుగురున్నప్పుడు 5తో కాక 4తో భాగించడానికి కారణం ఉంది. దూరాలను అసలు జనాభా సగటు నుంచి కాక ఈ ఐదుగురి సగటు నుంచే కొలుస్తున్నాము. ఆ సగటు ఈ ఐదు విలువలకు మధ్యలోనే ఉంటుంది కాబట్టి దూరాలు వాస్తవం కంటే కాస్త తక్కువగా కనిపిస్తాయి. ఒకటి తగ్గించి భాగించడం ఆ లోటును సరిచేస్తుంది. స్వతంత్రంగా మారగల విలువలు ఎన్నో చెప్పే స్వాతంత్ర్య పరిమితులనే భావన మొదలయ్యేది ఇక్కడే. మనోవిజ్ఞానానికి ఈ చెదురే అసలు విషయమని గట్టిగా చెప్పాలి. మనుషులందరూ ఒకే తీరుగా స్పందిస్తే ఈ శాస్త్రానికి గణాంకాల అవసరమే ఉండదు.

ప్రామాణిక విచలనం మనుషుల మధ్య తేడాను చెబుతుంది. ప్రామాణిక దోషం చెప్పేది శాంపిళ్ల మధ్య తేడాను. ప్రాజెక్టు నివేదికల్లో ఈ రెండూ తారుమారైనంతగా మరే భావనలూ తారుమారు కావు కాబట్టి ఇక్కడ కొంత ఆగడం మంచిది. వెక్స్లర్ పరీక్షల్లో ప్రజ్ఞా లబ్ధి సగటు 100, ప్రామాణిక విచలనం 15 ఉండేలా అమర్చారు. అంటే దాదాపు 68 శాతం మంది 85, 115 మధ్య, 95 శాతం మంది 70, 130 మధ్య ఉంటారు. ఆ జనాభా నుంచి యాదృచ్ఛికంగా 25 మందిని ఎంచి సగటు తీసి రాసుకోవాలి. మళ్లీ మరో 25 మందిని ఎంచి సగటు తీయాలి. ఇలా వేలసార్లు చేస్తే వచ్చే సగటులన్నీ 100 చుట్టూ చెదిరి ఉంటాయి గానీ, వ్యక్తుల విలువలంత విస్తారంగా చెదరవు. ఆ సగటుల ప్రామాణిక విచలనమే ప్రామాణిక దోషం. పదిహేనును శాంపిల్ సంఖ్య వర్గమూలంతో భాగిస్తే అది వస్తుంది: 25 మందికి 3, 100 మందికి 1.5, 400 మందికి 0.75. దోషం సగానికి తగ్గాలంటే మనుషులు నాలుగింతలు కావాలన్నమాట. ఎంతమందిని చేర్చినా ప్రామాణిక విచలనం 15 దగ్గరే నిలుస్తుంది, ఎందుకంటే మనుషుల మధ్య తేడా పరిశోధకుడి శ్రమను బట్టి తగ్గేది కాదు. తగ్గేది సగటు గురించిన అనిశ్చితి మాత్రమే. గ్రాఫులో కడ్డీల మీద గీసే గీతలు ఈ రెండింటిలో ఏది సూచిస్తున్నాయో రాయని పరిశోధన పత్రాన్ని పాఠకుడు సరిగా చదవలేడు.

నిజ జీవితంలో వేల శాంపిళ్లు ఎవరూ తీయరు. ఉన్న ఒక్క శాంపిల్ నుంచే మిగతా శాంపిళ్లు ఎలా ఉండేవో ఊహించడం గణాంకశాస్త్రం సాధించిన గొప్ప పని. శాంపిల్ చిన్నదైతే ప్రామాణిక విచలనం అంచనా కూడా నమ్మదగినది కాదని గుర్తించి, దానికి తగిన సవరణను 1908లో అందించినవాడు డబ్లిన్‌లోని గిన్నిస్ బీరు తయారీ సంస్థలో ఉద్యోగి అయిన విలియం గాసెట్. అతను ‘స్టూడెంట్’ అనే మారుపేరుతో ప్రచురించిన పత్రమే టీ-పరీక్షకు మూలం. తేడాను దాని ప్రామాణిక దోషంతో భాగిస్తే వచ్చే టీ విలువ, ఫలితం సార్థకం కావడానికి పెద్ద శాంపిళ్లలో 1.96 దాటితే సరిపోయే చోట, ఐదుగురే ఉన్నప్పుడు 2.78 దాటాల్సి రావడం ఆ సవరణ ఫలితమే. ఒక అంచనాలోని చెదురును ఎంత తెలివైన పద్ధతి వాడినా ఎంతకంటే తగ్గించలేమో 1945లో నిరూపించినవారు మన సి.ఆర్. రావు. హడగలిలో తెలుగు కుటుంబంలో పుట్టి, ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి, కలకత్తాలో మహలనోబిస్ స్థాపించిన భారతీయ సాంఖ్యక సంస్థలో చేరిన ఆయన పేరు క్రామర్-రావు అవధి రూపంలో ప్రపంచంలోని ప్రతి సాంఖ్యక తరగతిలోనూ వినిపిస్తుంది.

అయితే ఈ సూత్రాలన్నీ శాంపిల్ యాదృచ్ఛికంగా వచ్చిందన్న షరతు మీద నిలబడ్డాయి. గూగుల్ ఫారం తయారుచేసి, స్నేహితుల వాట్సాప్ గ్రూపుల్లో పంపి, జవాబిచ్చిన 150 మందితో ‘యువతలో ఒత్తిడి’ గురించి రాసే ప్రాజెక్టులో, ప్రామాణిక దోషం లెక్కకు అందుతుంది గానీ ఆ 150 మంది ఏ యువతకు ప్రతినిధులో ఎవరూ చెప్పలేరు. శాంపిల్ పెంచితే యాదృచ్ఛిక దోషం తగ్గుతుంది; పక్షపాతం ఇసుమంతైనా తగ్గదు. ఇది విద్యార్థులకు మాత్రమే ఉన్న ఇబ్బందీ కాదు. ప్రధాన మనోవిజ్ఞాన పత్రికల్లో శాంపిళ్లలో 96 శాతం దాకా, ప్రపంచ జనాభాలో కేవలం 12 శాతం ఉండే పాశ్చాత్య పారిశ్రామిక దేశాల నుంచే వచ్చాయని హెన్రిక్, హైన్, నోరెంజాయన్ 2010లో ఎత్తిచూపారు. దీనికి తోడు ఒకే తరగతి నుంచి ముప్పై మందిని తీసుకుంటే వారు ముప్పై స్వతంత్ర పరిశీలనలు కారు. ఒకే అధ్యాపకుడు, ఒకే పరీక్షల వారం, ఒకే హాస్టల్ వారందరినీ ఒకేవైపు లాగుతాయి. సూత్రం ఇదేమీ ఎరగక, వాస్తవం కంటే తక్కువ దోషాన్ని చూపిస్తుంది.

ఇక పి-విలువ. దీన్ని అర్థం చేసుకోవడానికి సాంఖ్యక శాస్త్రవేత్త ఫిషర్ 1935లో తన ప్రయోగ రూపకల్పన గ్రంథంలో చెప్పిన టీ కప్పుల ప్రయోగాన్ని మించిన దారి లేదు, ఎందుకంటే ఇందులో సూత్రమే అక్కర్లేదు. కప్పులో పాలు ముందు పోశారా, టీ ముందు పోశారా అన్నది రుచి చూసి చెప్పగలనని ఒక మహిళ అన్నది. ఎనిమిది కప్పులు, వాటిలో నాలుగింటిలో పాలు ముందు, నాలుగింటిలో టీ ముందు పోసి, వరస కలిపేసి ఇచ్చారు. పాలు ముందు పోసిన నాలుగింటిని ఆమె ఎంచాలి. ఎనిమిదింటి నుంచి నాలుగింటిని 70 విధాలుగా ఎంచవచ్చు. అందులో సరైనది ఒక్కటే. ఆమెకు ఆ నేర్పు ఏమాత్రం లేదనుకుంటే, ఊరికే ఊహించి అన్నీ సరిగా చెప్పే సంభావ్యత 70లో 1, అంటే దాదాపు 0.014. నాలుగింటిలో మూడు సరిగ్గా ఎంచే విధాలు 16. అలాంటి ఫలితం, లేదా అంతకన్నా మంచి ఫలితం ఊహతోనే వచ్చే సంభావ్యత 70లో 17, అంటే 0.24. కాబట్టి ఒక్క తప్పు దొర్లితే సాక్ష్యం ఒక్కసారిగా బలహీనపడిపోతుంది. పి-విలువ అంటే అంతకు మించి మరేమీ లేదు: శూన్య పరికల్పన నిజమై ఉంటే, ఇంతటి లేదా ఇంతకు మించిన ఫలితం రావడానికి ఉన్న సంభావ్యత.

ఆ నిర్వచనంలో ‘నిజమై ఉంటే’ అన్న షరతు జారిపోగానే మొదట చెప్పుకున్న తప్పులన్నీ పుట్టుకొస్తాయి. జంతువు ఆవే అయితే దానికి నాలుగు కాళ్లుండటం దాదాపు ఖాయం. నాలుగు కాళ్లున్నాయి కాబట్టి అది ఆవేననడం వేరే మాట. అదే విధంగా, ప్రభావం లేకపోతే ఈ డేటా రావడం అరుదు అన్నంత మాత్రాన, ఈ డేటా వచ్చింది కాబట్టి ప్రభావం లేకపోవడం అంతే అరుదని తేలదు. రెండోది తెలియాలంటే, పరీక్షకు ముందు ఆ పరికల్పన ఎంతవరకు నమ్మదగినదో కూడా లెక్కలోకి తీసుకోవాలి.

ఒక లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. ఒక రంగంలో వెయ్యి పరికల్పనలను పరీక్షిస్తున్నారనీ, వాటిలో వందే నిజమనీ అనుకుందాం. నిజమైన ప్రభావాన్ని పట్టుకోగల సామర్థ్యాన్ని పవర్ అంటారు, అది 0.35 అయితే వందలో 35 మాత్రమే బయటపడతాయి. మిగిలిన 900 తప్పుడు పరికల్పనల్లో 0.05 చొప్పున 45 సార్లు ‘సార్థక’ ఫలితం వస్తుంది. మొత్తం 80 సార్థక ఫలితాల్లో 45 బూటకమే, పి-విలువ 0.05 కంటే తక్కువని ప్రకటించిన ఫలితాల్లో సగం పైన తప్పన్నమాట. పవర్ 0.80కి పెరిగితే 125లో 45 తప్పవుతాయి. ఇందులో ఎవరూ మోసం చేయలేదు, లెక్క తప్పలేదు. ఇక్కడి సంఖ్యలు ఉదాహరణకు ఎంచుకున్నవే అయినా, లేని ప్రభావాన్ని ఉందనే పొరపాటును 5 శాతానికి కట్టడి చేశాము కాబట్టి ప్రచురితమైన ఫలితాల్లో తప్పులు 5 శాతమేనన్న నమ్మకానికి ఆధారం లేదని చూపడానికి ఇవి చాలు.

మొదటి రకం, రెండో రకం దోషాలనే విభజన ఫిషర్‌ది కాదు. 1933 నాటి నేమన్, పియర్సన్‌ల పద్ధతిది. లేని ప్రభావాన్ని ఉందనడం మొదటిది, ఉన్న ప్రభావాన్ని చూడలేకపోవడం రెండోది. ఫిషర్ పి-విలువను సాక్ష్యం బలానికి కొలమానంగా చూశాడు. నేమన్, పియర్సన్ ముందే గీసిన గీతకు ఇటో అటో నిర్ణయించే నియమాన్ని ఇచ్చారు. పాఠ్యపుస్తకాలు ఈ రెండింటినీ చెప్పకుండా కలిపేయడం వల్ల, 0.049 వస్తే ఆనందపడి 0.051 వస్తే తలపట్టుకునే అలవాటు స్థిరపడింది. ఆ రెండు సంఖ్యల మధ్య సాక్ష్యంలో తేడా దాదాపు లేదు. పైగా పి-విలువ కూడా శాంపిల్‌తో మారే సంఖ్యే: సరిగ్గా 0.05 వచ్చిన ప్రయోగంలో కనిపించిన ప్రభావమే అసలు ప్రభావమనుకున్నా, అదే పరిమాణంలో మళ్లీ చేసినప్పుడు సార్థక ఫలితం వచ్చే అవకాశం సగానికి సగమే.

పి-విలువ చెప్పని మరో ముఖ్యమైన సంగతి ప్రభావం ఎంత పెద్దదన్నది. ప్రజ్ఞా లబ్ధినే మళ్లీ తీసుకుందాం. ఒక అధ్యయనంలో ఒక్కో బృందంలో 2000 మంది, సగటుల తేడా 1.5 పాయింట్లు. టీ విలువ 3.16, పి-విలువ దాదాపు 0.002. మరో అధ్యయనంలో ఒక్కో బృందంలో 20 మంది, తేడా 7.5 పాయింట్లు. టీ విలువ 1.58, పి-విలువ దాదాపు 0.12. మొదటిది సార్థకం, రెండోది కాదు. కానీ రెండో తేడా మొదటిదానికి ఐదింతలు. తేడాను ప్రామాణిక విచలనంతో భాగించి జాకబ్ కోహెన్ ఇచ్చిన ‘డి’ కొలమానంలో చూస్తే మొదటిది 0.1, రెండోది 0.5. కోహెన్ 0.2ను చిన్నదిగా, 0.5ను మధ్యస్థంగా, 0.8ను పెద్దదిగా సూచించాడు గానీ, మరే ఆధారమూ లేనప్పుడే వాటిని వాడుకోమన్నాడు. ఖర్చులేని చిన్న జోక్యం లక్షల మంది పిల్లల చదువును 0.1 మేర మెరుగుపరిస్తే అది తేలిగ్గా తీసేయదగినది కాదు.

ఇదే రెండు అధ్యయనాలను, అసలు విలువ ఏ పరిధిలో ఉండవచ్చో అంచనా వేసే విశ్వాస అంతరంతో చూస్తే మాట ఇంకా నిజాయితీగా ఉంటుంది. మొదటిదానిలో 95 శాతం విశ్వాస అంతరం సుమారు 0.6 నుంచి 2.4 పాయింట్ల వరకు: తేడా ఉంది, కానీ చిన్నది. రెండోదానిలో మైనస్ 2 నుంచి 17 వరకు: ప్రభావం లేకపోయి ఉండవచ్చు, చాలా పెద్దదై కూడా ఉండవచ్చు. అలాంటి ఫలితం వచ్చినప్పుడు ‘రెండు బృందాల మధ్య తేడా లేదు’ అని రాయడం పొరపాటు. తెలియదని మాత్రమే ఆ డేటా చెబుతోంది. తొంభై ఐదు శాతమన్నది ఈ ఒక్క అంతరానికి చెందిన సంభావ్యత కాదని కూడా గమనించాలి. ఇదే పద్ధతిలో గీసే అంతరాలను వరసగా చూస్తే, దీర్ఘకాలంలో నూటికి 95 అసలు విలువను తమలో ఇముడ్చుకుంటాయని దాని అర్థం.

రెండో అధ్యయనం విఫలం కావడం ముందే ఊహించదగినది. ప్రభావం నిజంగానే 0.5 అయినా, ఒక్కో బృందంలో 20 మందితో పవర్ దాదాపు 0.34, అంటే మూడింట రెండుసార్లు ఆ అధ్యయనం ఉన్నదాన్ని చూడలేకపోతుంది. పవర్ 0.80 కావాలంటే ఒక్కో బృందానికి 64 మంది అవసరం. అదే 0.2 పరిమాణపు ప్రభావానికైతే ఒక్కో బృందానికి దాదాపు 394 మంది. కోహెన్ 1962లో ఒక ప్రముఖ పత్రికలోని ఒక ఏడాది అధ్యయనాలను పరిశీలించి, మధ్యస్థ ప్రభావాలను పట్టుకోవడానికి వాటి సగటు పవర్ 0.48 అని లెక్కగట్టాడు. సగం కంటే తక్కువ అవకాశంతో నెలల శ్రమను వెచ్చిస్తున్నారని అర్థం. ఆ తర్వాత దశాబ్దాలపాటు పరిస్థితిలో చెప్పుకోదగ్గ మార్పు రాలేదు.

పవర్ తక్కువైతే నష్టం ప్రభావాలు తప్పిపోవడంతో ఆగదు. దొరికినవి కూడా ఉబ్బిపోయి దొరుకుతాయి. ఇరవై మంది చొప్పున ఉన్న అధ్యయనంలో పి-విలువ 0.05 కంటే తగ్గాలంటే కనిపించే ప్రభావం కనీసం 0.64 ఉండాలి. అసలు ప్రభావం 0.5 అయినప్పుడు ఆ గీత దాటే శాంపిళ్లన్నీ, అదృష్టవశాత్తూ తేడా ఎక్కువగా కనబడినవే. పత్రికలు సార్థక ఫలితాలనే ప్రచురిస్తే పాఠకుడి ముందుకు వచ్చేవన్నీ అలాంటివే. దీని పర్యవసానం 2015లో బయటపడింది. ఓపెన్ సైన్స్ కొలాబరేషన్ పేరిట పరిశోధకులు మూడు ప్రముఖ పత్రికల్లోని 100 మనోవిజ్ఞాన అధ్యయనాలను మళ్లీ చేశారు. మూల అధ్యయనాల్లో 97 శాతం సార్థకం కాగా, పునరావృత్తుల్లో 36 శాతమే సార్థకమయ్యాయి. సగటు ప్రభావం సహసంబంధ కొలమానంలో (రెండు కొలతలు ఎంతవరకు కలిసి మారతాయో చూపేది) 0.40 నుంచి 0.20కి, అంటే సగానికి పడిపోయింది. మనోబలం వాడేకొద్దీ తరిగిపోతుందన్న ప్రసిద్ధ సిద్ధాంతానిదీ ఇదే కథ: 2010లో ప్రచురిత అధ్యయనాలన్నిటినీ కలిపి చూస్తే ప్రభావం 0.62 వచ్చింది, 2016లో 23 ప్రయోగశాలలు 2000 మందికి పైగా వ్యక్తులతో, ముందే ప్రకటించిన పద్ధతిలో పరీక్షిస్తే 0.04 వచ్చింది.

దీనికంతటికీ చిన్న శాంపిళ్లు, పత్రికల పక్షపాతం మాత్రమే కారణం కాదు. స్వతంత్రమైన 20 పరీక్షలు చేస్తే, ఏ ప్రభావమూ లేకపోయినా కనీసం ఒకటి సార్థకంగా తేలే సంభావ్యత 64 శాతం. అన్ని పరీక్షలు చేశామని పరిశోధకుడికి కూడా తోచకపోవచ్చు. రెండు కొలమానాల్లో ఏది బాగుంటే అది చూపడం, ఫలితం రాకపోతే మరో పది మందిని చేర్చడం, స్త్రీపురుష భేదాన్ని విశ్లేషణలోకి తెచ్చి చూడటం, మధ్యలో ఒక బృందాన్ని వదిలేయడం వంటి నాలుగు వెసులుబాట్లు కలిస్తే, 5 శాతం ఉండవలసిన మొదటి రకం దోషం 60 శాతం దాటుతుందని సిమన్స్, నెల్సన్, సైమన్సన్ 2011లో కంప్యూటర్ అనుకరణలతో చూపించారు. ఏ విలువలను వదిలేయాలో ముందే రాసిపెట్టుకోవాలన్న నియమం అందుకే అంత ముఖ్యమైనది. నిర్ణయాలు డేటాను చూసి తీసుకున్నప్పుడు, రాగలిగిన శాంపిళ్ల గురించి వేసిన లెక్క ఏదీ ఇక వర్తించదు.

సహసంబంధానికీ ఇవన్నీ వర్తిస్తాయి. నలభై మందిలో 0.30 వచ్చిన సహసంబంధానికి 95 శాతం విశ్వాస అంతరం సుమారు సున్నా నుంచి 0.56 వరకు ఉంటుంది. అంతేకాక అది కొలతల విశ్వసనీయత మీద, అంటే కొలత ఎంత నిలకడగా ఉందన్నదాని మీద కూడా ఆధారపడుతుంది. అసలు సహసంబంధం 0.50 ఉన్నా, రెండు మాపనుల విశ్వసనీయత 0.60 చొప్పునే ఉంటే కనిపించేది 0.30 మాత్రమే, ఈ సంగతిని స్పియర్‌మన్ 1904లోనే వివరించాడు. ఇంగ్లిషు ప్రశ్నావళిని తెలుగులోకి మార్చుకుని వాడే మన విద్యార్థులు ఈ విషయంలో మరింత జాగ్రత్తగా ఉండాలి. మూల మాన్యువల్‌లో ఇచ్చిన, ప్రశ్నావళి విశ్వసనీయతను చూపే క్రాన్‌బాక్ ఆల్ఫా ఆ భాషలో, ఆ మనుషుల నుంచి వచ్చిన జవాబులది. తెలుగు ప్రశ్నావళికి, ఈ శాంపిల్‌కు ఆల్ఫాను కొత్తగా లెక్కగట్టి రాయాలే తప్ప పాతదాన్ని ఉటంకించి ఊరుకోకూడదు.

ఇంత చెప్పాక, ఒక సెమిస్టర్ గడువు, ఒక కళాశాల, నలభై మంది మాత్రమే అందుబాటులో ఉన్న విద్యార్థి ఏం చేయాలన్న ప్రశ్న మిగులుతుంది. అన్నిటికంటే ఎక్కువ లాభమిచ్చేది ప్రయోగ రూపకల్పనను మార్చడం. మధ్యస్థ ప్రభావాన్ని 0.80 పవర్‌తో పట్టుకోవడానికి వేర్వేరు బృందాలతో అయితే మొత్తం 128 మంది కావాలి. అదే వ్యక్తులను రెండు పరిస్థితుల్లోనూ పరీక్షించి, ఆ రెండు కొలతల మధ్య సహసంబంధం 0.5 ఉంటే, 34 మంది చాలు. ఎందుకంటే మనిషికీ మనిషికీ మధ్య ఉండే చెదురు ఇక్కడ లెక్కలోంచి చాలావరకు తొలగిపోతుంది. ప్రతి వ్యక్తినీ తనతోనే పోలుస్తున్నాము. పద జాబితాను నిశ్శబ్దంలోనూ, సంగీతం వింటూనూ గుర్తుపెట్టుకునే ప్రయోగానికి ఇది చక్కగా సరిపోతుంది. సగం మందికి ముందు నిశ్శబ్దం, మిగతా సగానికి ముందు సంగీతం వచ్చేలా వరస మార్చాలి, రెండు జాబితాలూ కఠినత్వంలో సమానంగా ఉండాలి. ఒక్కో పరిస్థితిలో ఒక్క జాబితాకు బదులు నాలుగైదు జాబితాలు ఇస్తే కొలత మరింత స్థిరపడి, రెండు పరిస్థితుల మధ్య సహసంబంధం పెరిగి, పవర్ ఇంకా పెరుగుతుంది. కౌన్సెలింగ్ ఫలితం వంటి అంశాల్లో ఒకసారి పొందిన అనుభవాన్ని చెరిపివేయలేము కాబట్టి ఈ రూపకల్పన పనికిరాదు. అలాంటి చోట మూడు నాలుగు కళాశాలల విద్యార్థులు ఒకే ప్రణాళికను ముందే రాసుకుని, ఒకే ప్రశ్నావళితో, ఒకే సూచనలతో డేటా సేకరించి కలిపి విశ్లేషించడం మంచి మార్గం. అప్పుడు ఏ కళాశాల డేటా ఏదన్నది కూడా విశ్లేషణలో ఒక చలరాశిగా చేర్చాలి.